వానాకాలం ఘాట్ రోడ్డుకి ఏటీ (ఆల్ టెరైన్) టైర్లు: తడి తారు మీద పట్టు ఉండేవి ఎలా ఎంచుకోవాలి?

టవర్‌బండి:

అందరికీ నమస్తే. నాది 2016 మోడల్ ఇసుజు వి-క్రాస్, టైరు సైజు 245/70 ఆర్16. ముందు రెండు టైర్లూ బయటి అంచున బోడి అయిపోయాయి, వెనకవి ఇంకొన్నాళ్లు లాగుతాయేమో గానీ వానలు పడేలోపు నాలుగూ మార్చేద్దామని ఉంది.

వాడకం ముందే చెప్పేస్తాను, లేకపోతే మీరే అడుగుతారు. నేను సెల్ టవర్ల మెయింటెనెన్స్ పని చేసే చిన్న కాంట్రాక్టర్ని. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు తిరుగుతుంటాను. ఎక్కేటప్పుడు వెనక బ్యాటరీలు, టూల్ బాక్సులు ఉంటాయి, రెండొందల కిలోల లోపే. దిగేటప్పుడు చాలాసార్లు ఖాళీ. నా టెన్షనంతా దిగేటప్పుడే. వానాకాలం సాయంత్రం అయ్యేసరికి రోడ్డు తడిసే ఉంటుంది, 516ఈ హైవే కోసం కొండ తవ్విన చోటల్లా ఎర్రమట్టి కారి తారు మీద పల్చగా పరుచుకుంటుంది, దాని మీద సిల్వర్ ఓక్ ఆకులు రాలి అతుక్కుపోయి ఉంటాయి. మలుపులో బ్రేక్ మీద కాలు ఆనిస్తే చాలు, వెనక భాగం తోక ఊపుతుంది. టవర్ల దాకా వెళ్లే దారులు మాత్రం పూర్తిగా మట్టి, అక్కడ ఫోర్ వీల్ వేయక తప్పదు. మొత్తం మీద చూస్తే ముప్పాతిక వంతుకి పైగా తారు, మిగతాది మట్టి, బురద.

ఇప్పుడు తలా ఒక మాట చెప్తున్నారు. టైర్ల షాపతను ఎంటీ (బురద కోసం చేసిన మోటు టైరు) వేసేయండి, బురదలో ఎక్కడా ఆగదు అంటాడు. మా బావమరిది తెల్ల అక్షరాలున్న బీఎఫ్ గుడ్‌రిచ్ కేవో2 ఏటీ తప్ప ఇంకోటి వద్దంటాడు (వాడికి లుక్కు ముఖ్యం, బండి నాది). ఇంకో ఫ్రెండు హెచ్‌టీ (తారు రోడ్డు కోసం చేసిన టైరు) చాలు, ఏటీ (తారుకీ మట్టికీ రెండిటికీ అని చేసినది) అంతా ఫ్యాషన్ అంటాడు. బడ్జెట్ నాలుగింటికి కలిపి యాభై, మహా అయితే అరవై వేలు. వానలో పట్టు ఉంటుందా లేదా అన్నది షాపులో టైరు చూసి ఎలా తెలుసుకోవాలి? 265/70 వేస్తే ఎత్తు పెరుగుతుంది కదా, అది మంచిదేనా?

స్టెప్నీ:

బ్రదర్, ఎంటీ ఆలోచన ఇక్కడితో వదిలేయండి. మీరు చెప్పిన వాడకానికి అది సరిగ్గా పనికిరాని టైరు. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

"తడిలో పట్టు" అని మనం ఒకే మాట వాడతాం గానీ రోడ్డు మీద తడి మూడు రకాలు, మూడింటికీ టైరులో కావలసినవి వేరు.

ఒకటి, నిలిచిన నీళ్లు. హైవే మీద 90లో పోతుంటే ఎదురుగా నీటి మడుగు వచ్చింది, టైరు ఆ నీళ్లని పక్కకి తోయలేక వాటి మీదకెక్కి తేలిపోతుంది, స్టీరింగ్ చేతిలో దూదిలా అయిపోతుంది. ఇక్కడ కావలసింది లోతైన, వెడల్పైన గాళ్లు, అంటే టైరు మీది చాళ్లు. ఏటీలన్నిటికీ అవి ఎలాగూ ఉంటాయి, కాబట్టి కొత్త ఏటీతో ఈ భయం తక్కువే. దీనికి గాలితో కూడా సంబంధం ఉంది. విమానాల టైర్ల మీద నాసా వాళ్లు చేసిన పరీక్షల నుంచి ఒక లెక్క వచ్చింది: గాలి ఎన్ని పీఎస్ఐ ఉందో దాని వర్గమూలాన్ని 16.6తో గుణిస్తే, టైరు నీళ్ల మీద తేలడం మొదలయ్యే వేగం గంటకి కిలోమీటర్లలో వస్తుంది. 32 పీఎస్ఐకి సుమారు 94, 25కి సుమారు 83. అది గాళ్లు నీళ్లని తోయలేని పరిస్థితికి వేసిన లెక్క, కొత్త టైరుకి ఇంకాస్త వెసులుబాటు ఉంటుంది. అయినా ఒక సంగతి అర్థమవుతుంది కదా, మట్టి రోడ్డు కోసం గాలి తగ్గించి అలాగే హైవే ఎక్కేవాళ్లు తమ చేతులతోనే ఆ వేగాన్ని కిందకి దించుకుంటున్నారు.

రెండోది, తారు మీద పల్చటి తడి పొర. ఘాట్లో మీరు 35, 40లో దిగుతుంటారు, అక్కడ టైరు తేలడం అనే ప్రశ్నే లేదు. అక్కడ పని చేసేది రబ్బరు. మెత్తగా ఉండి తారు గరుకులోకి దిగి పట్టుకుంటుందా, గట్టిగా ఉండి పైపైన జారుతుందా అన్నది. రబ్బరులో సిలికా కలిపితే తడి పట్టు పెరుగుతుంది, అది బయటికి కనిపించదు. కనిపించేది ఒకటుంది: బ్లాకుల మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి చీలికలు, వాటిని సైపులంటారు. ఒక్కో చీలిక అంచు తడి పొరని గీరి పక్కకి నెడుతుంది. షాపులో టైరు ముందు కూర్చుని ఇవి చూడండి. బ్లాకు బ్లాకుకీ ఉన్నాయా, మధ్య వరసలో కూడా ఉన్నాయా, ఎంత లోతుకి దిగాయి? కొన్ని టైర్లకి పైన రెండు మూడు ఎంఎం మాత్రమే ఉంటాయి, సగం అరిగేసరికి చీలికలు మాయమై నున్నటి గుబ్బలు మిగులుతాయి. ఎంటీ తీసుకుంటే పెద్ద పెద్ద గుబ్బలు, మధ్యలో ఖాళీలు, సైపులు నామమాత్రం. తారుని తాకే రబ్బరే తక్కువ. బురదలో రాజు, తడి తారు మీద బ్రేక్ వేస్తే మాత్రం దండం.

మూడోది మీ అసలు సమస్య, తారు మీద మట్టి పూత. తారుకీ రబ్బరుకీ మధ్య సబ్బులాంటి పొర ఉన్నప్పుడు ఎంత మంచి రబ్బరైనా తారుని తాకితేనే కదా. ఇక్కడ ఏటీ అంచులు ఆ పొరని కోసుకుని కిందికి దిగుతాయి, హెచ్‌టీ కంటే మెరుగే. కానీ దీన్ని ఏ టైరూ పూర్తిగా గెలవలేదు, ఆ మాట చెప్పకుండా మీకు టైరు అమ్మేవాడిని నమ్మకండి.

అందుకని మీకు కావలసింది రోడ్డు వైపు మొగ్గే ఏటీ. బ్లాకులు దగ్గర దగ్గరగా, సైపులు నిండుగా ఉన్నది. యోకోహామా జియోలాండర్ జీ015 ఆ కోవలోదే. అపోలో ఆప్టెరా ఏటీ2 మన దేశీ రకం, అది కూడా మరీ మోటు ప్యాటర్న్ కాదు. కేవో2 పేరు వచ్చింది పక్క గోడ బలానికి, రాళ్ల దారుల్లో తట్టుకోవడానికి. మీ టవర్ దారుల్లో మొనదేలిన రాళ్లు ఎక్కువుంటే దాని గురించి ఆలోచించవచ్చు. బావమరిది లుక్కు కోసమైతే వద్దు.

265/70 గురించి. 245/70 ఆర్16 వ్యాసం సుమారు 749 ఎంఎం, 265/70 ఆర్16 అయితే 777. అంటే 3.7 శాతం పెద్దది. మీటరు 60 చూపిస్తుంటే అసలు వేగం ముందుకంటే రెండు కిలోమీటర్లు ఎక్కువుంటుంది. ఘాట్ ఎక్కేటప్పుడు బండి కాస్త బరువుగా లాగుతుంది, బ్రేక్ మీద భారం పెరుగుతుంది. పైగా టైరు వెడల్పయ్యే కొద్దీ నీళ్ల మీద తేలే గుణం పెరుగుతుంది. మీకు నేల తగిలే ఇబ్బంది లేదని నా అంచనా, ఉన్న సైజుకే కట్టుబడి ఉండండి.

హెచ్‌టీ_చాలు:

పైన అన్న బాగా చెప్పాడు గానీ నేను ఒప్పుకోను. ముప్పాతిక వంతు తారు అని బండి ఓనరే చెప్తున్నాడు కదా. మంచి హెచ్‌టీ టైరు తడి తారు మీద ఏ ఏటీ కంటేనైనా ముందే ఆగుతుంది. శబ్దం తక్కువ, మైలేజీ ఎక్కువ, రేటు తక్కువ. మట్టి దారికి 4హెచ్ (మామూలు వేగంలో ఫోర్ వీల్) ఉంది, ఇంకా కష్టమైతే 4ఎల్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే ఫోర్ వీల్) ఉంది. ప్రాణం పోయేది ఘాట్ మలుపులో, టవర్ దగ్గర బురదలో దిగబడితే మహా అయితే ట్రాక్టర్ పిలుస్తారు. ఏది ముఖ్యమో మీరే తేల్చుకోండి.

స్టెప్నీ:

మీరన్నది తీసిపారేసే మాటేం కాదు. తడి తారు మీద బ్రేకింగ్ ఒక్కటే కొలిస్తే మంచి హెచ్‌టీదే పైచేయి, అది ఒప్పుకోవాల్సిందే. లెక్క కావాలంటే, 60లో పోతూ బ్రేక్ వేస్తే రోడ్డు పట్టు (ఘర్షణ గుణకం) 0.7 ఉన్నప్పుడు బండి సుమారు 20 మీటర్లలో ఆగుతుంది, 0.5కి పడిపోతే 28 మీటర్లు. మన రియాక్షన్ టైమ్ కలపకుండానే. ఎనిమిది మీటర్లంటే ఎదురొచ్చే ఆర్టీసీ బస్సుకి తగలడానికీ తగలకపోవడానికీ మధ్య దూరం.

కానీ ఆయన రోడ్డు శుభ్రమైన తడి తారు కాదు, మట్టి కారిన తారు. పైగా టవర్ దారిలో తిరిగి బయటికొచ్చేటప్పుడు హెచ్‌టీ గాళ్లన్నీ బంకమట్టితో పూడుకుపోతాయి. అలాగే ఘాట్ ఎక్కితే మొదటి అరకిలోమీటరు బోడిటైరుతో పోయినట్టే. ఏటీ గాళ్లు పది చుట్లు తిరిగేసరికి మట్టిని విసిరేస్తాయి. చింతపల్లి బంకమట్టి అంటే మామూలు మట్టి కాదండీ.

ఇంకోటి, 4హెచ్ ఉంది కదా అన్నారు. ఫోర్ వీల్ బండిని కదిలించడానికే, ఆపడానికి కాదు. బ్రేక్ వేస్తే మామూలు బండికీ నాలుగు చక్రాలూ ఆగుతాయి, 4హెచ్ వేసినా అదే నాలుగు. వి-క్రాస్‌ది పార్ట్ టైమ్ ఫోర్ వీల్, ముందూ వెనకా ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ (రెండిటి వేగాల తేడాని సర్దే గేర్లు) లేదు. మట్టి పూత ఉన్న చోట వేసుకోండి, పర్వాలేదు. పట్టు బాగున్న తారు మీద హెయిర్‌పిన్ మలుపులో వేస్తే మాత్రం గేరు వ్యవస్థ బిగుసుకుని బండి ఎదురు తిరుగుతుంది.

టైరుకొట్టు:

సార్ నేను రాజమండ్రిలో టైర్లు, అలైన్‌మెంట్ షాపులో పని చేస్తాను. పై వాళ్లంతా టైరు గురించి మాట్లాడారు, నాకు మాత్రం మీరు రాసిన మొదటి లైనే కంట్లో పడింది. ముందు రెండూ బయటి అంచున బోడి అయ్యాయన్నారు. లోపలి అంచు బాగుండి బయటిది ఒక్కటే అరిగితే అలైన్‌మెంట్ పోయినట్టు, లేదా గాలి తక్కువతో మలుపుల్లో నడిపినట్టు. రెండంచులూ అరిగి మధ్యలో బాగుంటే గాలి తక్కువని ఖాయం. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ. అది తేల్చకుండా కొత్తవి వేస్తే ఆ అరవై వేల టైర్లు కూడా ఏడాదిలో ఇలాగే తయారవుతాయి. బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు (ముందు చక్రాల కీళ్లు) ఊగుతున్నాయేమో చూపించుకున్నాకే అలైన్‌మెంట్. అవి లూజుగా ఉంటే మిషను మీద నంబర్లు పచ్చగా చూపిస్తాయి, బయటికి వెళ్లి గుంటలో పడ్డాక మళ్లీ మొదటికే.

వెనక తోక ఊపడం గురించి. పికప్ బండి ఖాళీగా ఉంటే వెనక బరువేం ఉండదు, ఇంజినంతా ముందు. అట్టలు (లీఫ్ స్ప్రింగులు) లోడు కోసం చేసినవి, ఖాళీ బండిలో అవి గట్టిగా కొట్టుకుంటాయి, గతుకులో చక్రం ఎగిరి నేల వదిలేస్తుంది. దానికి తోడు చాలామంది లోడుకి కొట్టించిన గాలితోనే ఖాళీగా దిగుతారు. వెనక గాలి ఎక్కువుంటే టైరు మధ్యభాగం ఒక్కటే రోడ్డుకి ఆనుతుంది. డ్రైవర్ డోరు తెరిస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది, ఖాళీకి ఎంత, లోడుకి ఎంత అని విడివిడిగా రాసి ఉంటుంది. అదే పాటించండి, పొద్దున బండి కదలకముందు చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి. రెండొందల కిలోలు పెద్ద లోడేం కాదు, మీకు గాలి పెద్దగా మార్చాల్సిన పని కూడా రాదు. మీ టూల్ బాక్సు రోజూ దింపేస్తున్నారా? దింపకండి. క్యాబిన్ వెనక గోడకి ఆనించి కాకుండా వెనక ఇరుసు మీదకి వచ్చేట్టు, కదలకుండా కట్టేయండి, సగం తోక అక్కడే ఆగుతుంది.

దిగేటప్పుడు గేరు తగ్గించేది మలుపు ముందు, మలుపులో కాదు. తడిలో సడన్‌గా మూడు నుంచి రెండుకి వేసి క్లచ్ వదిలితే వెనక చక్రాలు ఇంజిన్ బ్రేకుతో బిగిసి జారతాయి, మీరు కాలితో బ్రేక్ తొక్కలేదు కాబట్టి ఏబీఎస్ కూడా ఏం చేయలేదు.

ఇక షాపులో చూడాల్సినవి. పక్క గోడ మీద డాట్ అని మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. ఏటీలు కార్ల టైర్లంత వేగంగా అమ్ముడవవు, గోడౌన్లో పడి ఉంటాయి. ఏడాది లోపువి అడగండి, రెండేళ్లు దాటినవి డిస్కౌంట్ అని అంటగడితే ఒప్పుకోకండి. రబ్బరు కూర్చున్న చోటే గట్టిపడుతుంది, గాళ్లు కొత్తగా ఉన్నా తడి పట్టు తగ్గుతుంది. నాలుగింటికీ ఒకే వారం అవసరం లేదు గానీ ఒకే ఇరుసు మీద రెండూ దగ్గరి తేదీలవి ఉంటే మంచిది. తర్వాత లోడ్ నంబర్. మీ పాత టైరు మీద సైజు పక్కనే రాసి ఉంటుంది. 107 అంటే ఒక్కో టైరు 975 కిలోలు మోస్తుందని, 111 అంటే 1090. పాతదానికంటే తగ్గనివ్వకండి. పక్కనున్న అక్షరం స్పీడ్‌కి, ఎస్ అంటే 180, హెచ్ అంటే 210. ఎస్ అయినా మీకు ఎక్కువే.

సైజు ముందు ఎల్‌టీ అని ఉంటే ఆగి ఆలోచించండి. అవి బరువులు మోయడానికి చేసినవి, పక్క గోడలు మందం, టైరే బరువు, గాలి కూడా ఎక్కువ కావాలి. ఖాళీ పికప్‌కి వేస్తే వెనక ఇంకా గెంతుతుంది. మీకు మామూలు 245/70 చాలు.

గోదారోడు_హ్యూస్టన్:

ఇక్కడ టెక్సాస్‌లో నాకు ఎఫ్-150 ఉంది. ఘాట్లు లేవు గానీ వానకి మాత్రం లోటు లేదు, గల్ఫ్ నుంచి మబ్బు వస్తే అరగంటలో సర్వీస్ రోడ్లు చెరువులవుతాయి. టైర్ల మీద ఉండే గుర్తుల గురించి నాలుగు మాటలు, ఎందుకంటే వాటిని చూసి మోసపోయేవాళ్లని ఇక్కడా రోజూ చూస్తుంటాను.

మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు పువ్వు బొమ్మ. ఏటీ టైరు మీద ఆ బొమ్మ ఉంటే "అన్ని వాతావరణాలకీ సూపర్" అని అమ్ముతారు. అది మంచులో ముందుకి లాగే శక్తికి చేసిన పరీక్ష పాసైందని చెప్పే గుర్తు, వానలో బ్రేకింగ్ గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. ఎం+ఎస్ (మడ్, స్నో) అన్నదయితే ప్యాటర్న్ చూసి కంపెనీ తనకి తానే వేసుకునే గుర్తు. లంబసింగిలో తెల్లారి గడ్డి మీద మంచు పడుతుందని ఆ బొమ్మకి డబ్బులు ఎక్కువ పెట్టకండి.

అమెరికాలో అమ్మే మామూలు టైర్ల మీద ట్రాక్షన్ ఏఏ, ఏ, బీ, సీ అని ఉంటుంది. అది నిజంగానే తడి రోడ్డు మీద, చక్రం లాక్ అయి తిన్నగా జారినప్పుడు కొలిచింది. మలుపులో పట్టు సంగతి అందులో లేదు. ఎల్‌టీ టైర్లకి ఆ గ్రేడింగ్ అక్కర్లేదని మినహాయింపు ఉంది, కాబట్టి వాటి మీద వెతికినా దొరకదు. దాని పక్కనే ట్రెడ్‌వేర్ అంకె ఉంటుంది, 500, 600 అలా. అది ఎక్కువుంటే ఎక్కువ రోజులు వస్తుందని ఆశపడతాం, చాలాసార్లు ఆ మన్నిక గట్టి రబ్బరు వల్ల వచ్చినదే, తడిలో దానికి ధర చెల్లిస్తాం. ఎప్పుడూ అలాగే అవుతుందని కాదు, మంచి సిలికా రబ్బరు రెండూ ఇవ్వగలదు.

నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చేది యూరప్ లేబుల్. అందులో వాన మబ్బు బొమ్మ పక్కన తడి పట్టుకి 'ఏ' నుంచి 'ఈ' దాకా గ్రేడ్ ఉంటుంది, 2021 మే నుంచి ఈ కొత్త పద్ధతి నడుస్తోంది. వాళ్ల డేటాబేస్ పేరు ఎప్రెల్, ఎవరైనా చూడొచ్చు. మీరు అనుకున్న మోడల్ కొట్టి, మీ సైజుకే ఏ గ్రేడ్ ఉందో చూడండి, ఒకే మోడల్‌కి సైజుని బట్టి గ్రేడ్ మారుతుంది. ఒక మెలిక ఉంది. కార్ల టైర్లని సీ1, ఎల్‌టీ లాంటి వ్యాపార టైర్లని సీ2 అని వేరు చేశారు, సీ2కి మార్కులు వదులుగా వేస్తారు. సీ1లో ఏ రావాలంటే తడి పట్టు సూచిక కనీసం 1.55 ఉండాలి, సీ2లో 1.40 చాలు. అంటే సీ2లో ఏ వచ్చినది, సీ1లో బీ మాత్రమే కావచ్చు. రెండిటినీ పక్కపక్కన పెట్టి గ్రేడ్ పోల్చకండి. ఇండియాలో తయారయ్యే అదే పేరున్న టైరులో రబ్బరు వేరే ఉండొచ్చు, అది షాపులో అడగాల్సిందే.

ఇక్కడ రోడ్డు వైపు మొగ్గే ఏటీ అంటే కాంటినెంటల్ టెరైన్‌కాంటాక్ట్ ఏటీ, కొంచెం మోటుది కావాలంటే ఫాల్కెన్ వైల్డ్‌పీక్ (ఏటీ3డబ్ల్యూ తర్వాత ఇప్పుడు ఏటీ4డబ్ల్యూ వచ్చింది), టోయో ఓపెన్ కంట్రీ. మట్టి అసలే తొక్కనివాళ్లు మిషెలిన్ డిఫెండర్ ఎల్‌టీఎక్స్ వేసుకుంటారు, అది హెచ్‌టీ కుటుంబం. మీకు అక్కడ ఏది ఏ రేటుకి దొరుకుతుందో చూసుకోవాలి.

టైరుకొట్టు:

గోదారోడు గారు చెప్పిన లేబుల్ మీద చిన్న మాట. మన దగ్గర కూడా ఏఐఎస్-142 అని ప్రమాణం ఉంది, తడి పట్టు, శబ్దం, రోలింగ్ రెసిస్టెన్స్ (టైరు దొర్లడానికి అడ్డుపడే శక్తి) మూడిటికీ. కేంద్రం 2022లో నోటిఫై చేసింది. కానీ అది పాసా ఫెయిలా అనే గీత. షాపులో ఏది ఏ గ్రేడో తెలుసుకోవడానికి దాంతో ఉపయోగం లేదు, ఆ గీత దాటినవన్నీ ఒకే వరసలో నిలబడతాయి.

టవర్‌బండి:

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. ఎంటీ క్యాన్సిల్. 265 కూడా క్యాన్సిల్. బావమరిదికి ఈ లింకు పంపాను, ఇంకా రిప్లై లేదు.

పొద్దున బండి చూశాను. బయటి అంచు ఒక్కటే అరిగింది, రెండు పక్కలా. గేజు పెడితే ముందు టైర్లకి మధ్యలో 4 ఎంఎం, అంచున గేజు పెట్టడానికే ఏం లేదు. వెనకవి 5 ఉన్నాయి. ఇప్పుడు ఇంకో డౌటు. ఈ నెల చేతిలో డబ్బు బిగుతుగా ఉంది, కాంట్రాక్టు బిల్లు ఇంకా రాలేదు. రెండే కొని ముందు వేసి, మిగతా రెండూ దసరాకి మారిస్తే? స్టీరింగ్ ముందు చక్రాలదే కదా, కొత్తవి ముందుంటేనే మంచిదని మా డ్రైవరు అంటున్నాడు.

స్టెప్నీ:

వద్దు. రెండే కొంటే కొత్తవి వెనక వేయాలి, వెనకున్న 5 ఎంఎంవి ముందుకి తేవాలి. మీ డ్రైవరు చెప్పేది చాలామంది నమ్మేదే, తర్కం కూడా సరైనట్టే అనిపిస్తుంది. కానీ ముందు చక్రం జారితే బండి మలుపు తిరగకుండా నేరుగా పోతుంది, అది మీకు స్టీరింగ్‌లో ముందే తెలుస్తుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలావరకు దారికొస్తుంది. వెనక చక్రం జారితే బండి గిర్రున తిరుగుతుంది, తెలిసేలోపే లోయ వైపు మూతి పెడుతుంది. మీ బండి ఇప్పటికే తోక ఊపుతోంది, ముందు పట్టు పెంచి వెనక పాత టైర్లు ఉంచితే ఆ తోకకి ఇంకా ఊపు ఇచ్చినట్టే.

ఇంకో చిక్కు ఫోర్ వీల్ వల్ల. ముందొక రకం, వెనకొక రకం ప్యాటర్న్, వ్యాసంలో తేడా ఉంటే 4హెచ్‌లో ఇరుసుల మధ్య లాగుడు మొదలవుతుంది. మట్టిలో చక్రాలు జారి సర్దుకుంటాయి గానీ తారు మీద సర్దుకోలేవు. రెండు నెలలు నెట్టుకురావచ్చు, అంతే.

చట్టం ప్రకారం 1.6 ఎంఎం దాకా నడపొచ్చు. వానలో ఆ అంకె నమ్ముకోకండి. 3, 4కి వచ్చేసరికే నీళ్లు తోసే శక్తి బాగా పడిపోతుంది. ఏటీలు కొత్తలో పది ఎంఎం పైన లోతుతో వస్తాయి కాబట్టి 4 దగ్గర మార్చేసినా మీరు వాడుకున్నది తక్కువేం కాదు. మీ ముందు టైర్లు ఇప్పటికే ఆ గీత దగ్గరున్నాయి, అంచున గీత దాటేశాయి. ఘాట్లో మలుపు తిరిగేది సరిగ్గా ఆ అంచు మీదే.

హెచ్‌టీ_చాలు:

నాది అదే మాట, నాలుగు మంచి హెచ్‌టీలు ఏటీల కంటే తక్కువలో వస్తాయి, అప్పుడు రెండు కొనే బాధే ఉండదు. ఇక చెప్పను 😀

టైరుకొట్టు:

రెండు పక్కలా బయటి అంచు ఒక్కటే అంటే టో తప్పిందనే నా అనుమానం ఎక్కువ. ముందు చక్రాలు రెండూ ముక్కులు లోపలికి పెట్టి నడుస్తున్నాయన్నమాట. అరిగిన చోట చేత్తో అడ్డంగా రాయండి. బయటి నుంచి లోపలికి రాసినప్పుడు ఒకలా, లోపలి నుంచి బయటికి రాసినప్పుడు రంపంలా తగిలితే టో గ్యారంటీ. ఇది వెంటనే చేయించుకోండి, బిల్లు వచ్చేదాకా ఆగే పని కాదు, దీని ఖర్చు టైర్ల ముందు లెక్కలోది కాదు.

డబ్బు సంగతికొస్తే మీ స్టెప్నీ ఎలా ఉందో చూడండి. 2016 బండి, స్టెప్నీ ఎప్పుడూ కిందికి దింపని బండ్లు మా దగ్గరికి చాలా వస్తాయి. గాళ్లు కొత్తగా మెరుస్తుంటాయి, తేదీ చూస్తే బండి పుట్టిన ఏడాదే. దాన్ని లెక్కలోకి తీసుకుని ఒకటి తక్కువ కొందామనుకోకండి, అది పంచరైనప్పుడు షాపు దాకా రావడానికి మాత్రమే. కొత్తవి నాలుగు వేశాక ఇప్పుడు వెనకున్న 5 ఎంఎంవాటిలో బాగున్నదాన్ని, తేదీ చూసి, స్టెప్నీగా మార్చుకోండి. పాతవి మేం తీసుకుంటాం, మీ ఊళ్లో షాపు కూడా తీసుకుంటుంది, ఎంతో కొంత తగ్గుతుంది. బోడివి రెండూ మాత్రం ఎవరికీ అమ్మకండి, ఎవరో ఆటో ట్రాలీకి వేసుకుంటారు.

టవర్‌బండి:

స్టెప్నీ దింపి చూశాను, 0816. ఎనిమిదో వారం 2016. గాలి కూడా సగమే ఉంది.

అలైన్‌మెంట్‌కి రేపు అనకాపల్లి వెళ్తున్నా. జీ015, ఏటీ2 రెండిటికీ రేట్లూ తయారీ తేదీలూ కనుక్కుని ఇక్కడే పెడతాను. నాలుగూ ఒకేసారే, షాపతను వాయిదాలకి ఒప్పుకుంటే ఈ వారమే. ఆ రెండిటిలో మధ్య వరస సైపులు లోతుగా ఉన్నది ఏదో ఎవరైనా సగం అరిగిన టైరు ఫోటో ఉంటే పెట్టండి.